ఊరికి పేరు పెట్టిన వైస్రాయ్ అసలు ఇంటిపేరు: జంషెడ్‌పూర్ నుంచి ‘థెసిజర్’ వంశం దాకా

సోనారి (జంషెడ్‌పూర్): సువర్ణరేఖ, ఖర్కాయీ నదులు కలిసే దోముహానీ సంగమం సోనారికి చేరువలోనే ఉంది. ఈ రెండు నదుల నీరు, సమీపంలోనే కాలిమాటి రైల్వే స్టేషను, అందుబాటులో ఇనుప ఖనిజం, బొగ్గు ఉన్నందువల్లనే ఉక్కు కర్మాగారానికి సాక్చి అనే పల్లెను ఎంచుకున్నారు. 1907 ఆగస్టు 26న టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ నమోదైంది. 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మ తయారైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి రైలు పట్టాలు మెసొపొటేమియా, పాలస్తీనా, తూర్పు ఆఫ్రికా రణరంగాలకు వెళ్లాయి. యుద్ధం ముగిసిన కొద్ది వారాలకు, 1919 జనవరి 2న, నాటి వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ కర్మాగారాన్ని చూడటానికి వచ్చి, సంస్థాపకుడు జంషెడ్జీ నుసర్వాన్జీ టాటా స్మృత్యర్థం సాక్చికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు. కాలిమాటి స్టేషను టాటానగర్ అయింది.

ఇంతవరకు ఈ నగరంలో బడికి వెళ్లిన ప్రతి బాలుడికీ, బాలికకూ తెలిసిన కథే. ఊరికి పేరు పెట్టిన ఆ వ్యక్తి సొంత పేరేమిటన్న ప్రశ్న మాత్రం అరుదుగా ఎదురవుతుంది. చెమ్స్‌ఫర్డ్ ఆయన ఇంటిపేరు కాదు. ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతంలో ఉన్న ఒక పట్టణం పేరు. ఆయన కుటుంబానికి తరతరాలుగా ఆ పట్టణంలో కోటగానీ జమీగానీ ఉన్నందువల్ల వచ్చిన బిరుదు కూడా కాదు. ఆయన పూర్తి పేరు ఫ్రెడరిక్ జాన్ నేపియర్ థెసిజర్. ఆంగ్లేయుల ఇంటిపేర్లలో మిక్కిలి అరుదైన వాటిలో థెసిజర్ ఒకటి. ఆ పేరు ఇంగ్లండులో పుట్టినది కూడా కాదు.

ఇంగ్లండులో ఇంటిపేర్లు ఎలా స్థిరపడ్డాయి?

థెసిజర్ ఎందుకు అరుదైనదో తెలియాలంటే, తక్కిన ఆంగ్లేయుల ఇంటిపేర్లు ఎక్కడి నుంచి వచ్చాయో ముందుగా చూడాలి. పదకొండో శతాబ్దిలో నార్మన్లు వచ్చేనాటికి ఇంగ్లండులో సామాన్యులకు వంశపారంపర్యంగా నడిచే పేర్లు లేవు. ఒకే ఊళ్లో పదిమంది జాన్‌లు, పదిమంది విలియమ్‌లు ఉన్నప్పుడు గుర్తు కోసం రెండో మాట ఒకటి చేర్చేవారు. అది వృత్తి కావచ్చు: కమ్మరి పని చేసేవాడు స్మిత్, రొట్టెలు కాల్చేవాడు బేకర్. తండ్రి పేరు కావచ్చు: జాన్ కొడుకు జాన్సన్. ఒంటి రంగో పోలికో కావచ్చు: మన సి.పి.బ్రౌన్ పూర్వికుల్లో ఎవరిదో జుట్టో ఛాయో గోధుమ వన్నెది అయి ఉంటుంది. లేదా ఊరో వాగో కొండో కావచ్చు: హిల్, ఫోర్డ్, వుడ్.

ఈ మాటలు తొలుత మనిషితోనే పోయేవి. కొడుకు కమ్మరి కాకపోతే స్మిత్ కూడా కాడు. పన్నెండు నుంచి పదిహేనో శతాబ్దం వరకు సాగిన క్రమంలో అవి మెల్లగా వంశానికి అంటుకుపోయాయి. పన్నులు, ఆస్తి పంపకాలు, కోర్టు పత్రాలు ఇందుకు తోడ్పడ్డాయి. 1413 నాటి ఒక చట్టం, వ్యాజ్యపత్రాల్లో ప్రతివాది హోదా, వృత్తి, నివాసం కూడా పేర్కొనాలని నిర్దేశించింది. 1538లో ప్రతి చర్చి పరిధిలోనూ నామకరణాలు, పెళ్లిళ్లు, ఖననాలు చిట్టాలో ఎక్కించాలన్న ఆదేశం వచ్చింది. ఆ చిట్టాలే నేటి వంశచరిత్రకారులకు మూలధనం.

స్మిత్ ప్రతి పల్లెలోనూ విడివిడిగా పుట్టాడు కనుక లక్షల్లో ఉన్నాడు. ఒకే ఒక్క చోట, ఒకే ఒక్క మనిషి నుంచి మొదలైన పేరుకు ఆ వెసులుబాటు ఉండదు. ఒక తరంలో కొడుకులు లేకపోతే అది ఆగిపోతుంది. ఈ విషయం విక్టోరియా కాలపు విద్వాంసుల దృష్టిని ఆకర్షించింది. పేరున్న వంశాలు ఎందుకు అంతరిస్తున్నాయన్న ప్రశ్నను ఫ్రాన్సిస్ గాల్టన్ 1873లో ఒక విద్యా పత్రికలో గణిత సమస్యగా ప్రకటించాడు. హెన్రీ వాట్సన్ అనే మతాచార్యుడు దానికి సమాధానం పంపాడు. ఇద్దరూ కలిసి రాసిన పత్రం 1875లో వెలువడింది. కాలం గడిస్తే ప్రతి ఇంటిపేరూ అంతరించక తప్పదని వాట్సన్ లెక్క తేల్చింది. అందులో ఒక పొరపాటు ఉందని తరువాతివారు సరిచేశారు. పేరు ప్రారంభ తరాల్లోనే ఎక్కువ ప్రమాదంలో ఉంటుందన్న భావన మాత్రం నిలిచింది. గాల్టన్, వాట్సన్‌ల పేరిట ఉన్న ఆ గణిత పద్ధతిని తరువాత జన్యువుల వ్యాప్తికీ, అణు విస్ఫోటనంలోని గొలుసుకట్టు చర్యకూ వర్తింపజేశారు. ఇంటిపేర్ల లెక్క అణువు దాకా వెళ్లడం విశేషమే.

డ్రెస్డెన్ నుంచి వచ్చిన లేఖకుడు

థెసిజర్ సరిగ్గా అలాంటి ఏకమూల నామం. పద్దెనిమిదో శతాబ్ది మధ్యకాలంలో జర్మన్ రాజ్యమైన సాక్సనీలోని డ్రెస్డెన్ నగరం నుంచి జాన్ ఆండ్రూ థెసిజర్ అనే వ్యక్తి ఇంగ్లండుకు వలస వచ్చాడు. రాకింగ్‌హామ్ ప్రభువు దగ్గర కార్యదర్శిగా, లేఖకుడిగా కుదిరాడు. ఈ రాకింగ్‌హామ్ రెండుసార్లు బ్రిటన్ ప్రధాని అయినవాడు. అమెరికన్ వలసల ఆగ్రహానికి కారణమైన స్టాంపు చట్టాన్ని 1766లో రద్దు చేసింది ఆయన ప్రభుత్వమే. ఇంగ్లండు చరిత్రలో పేరు వినిపించే థెసిజర్లందరూ ఆయన లేఖకుడి సంతానమే.

ఇక్కడ ఉచ్చారణ గురించి ఒక మాట. జర్మన్ పద్ధతిలో ఈ పేరును చదివితే మొదటి ధ్వని మన తకారానికో టకారానికో దగ్గరగా ఉంటుంది. ‘గ’ గకారంగానే పలుకుతుంది. ఇంగ్లండులో దానిని ‘థెసిజర్’ అన్నారు. అక్షరాలు అలాగే ఉన్నాయి, నోరు మారింది. వార్తాసంస్థ అనువాద బల్ల మీద ఈ ఇక్కట్టు నిత్యం ఎదురవుతుంది. లిపిని చూసి రాస్తే ‘థెసిగర్’ అవుతుంది. వంశస్థుల నోటి నుంచి విని రాస్తేనే ‘థెసిజర్’ అవుతుంది. పేరు ఎవరిదో వారు పలికినట్టే రాయాలన్నది మా వృత్తిలో పాటించదగిన నియమమని నా అభిప్రాయం. చెమ్స్‌ఫర్డ్ విషయంలోనూ ఇంతే. ఆ ఊరి పాత ఉచ్చారణలో లకారం వినపడదు. కొన్ని తెలుగు పుస్తకాల్లో లకారం లేకుండా కనిపించే రూపాన్ని అచ్చుతప్పు అనుకోనక్కరలేదు.

జాన్ ఆండ్రూ కుమారుల్లో ఫ్రెడరిక్ నౌకాదళంలో చేరాడు. కొంతకాలం రష్యా నౌకాదళంలో పనిచేసి అక్కడి గౌరవాలూ పొందాడు. 1801లో కోపెన్‌హాగెన్ నౌకాయుద్ధంలో అడ్మిరల్ నెల్సన్‌కు సహాయాధికారిగా ఉండి, యుద్ధ విరామానికి నెల్సన్ రాసిన లేఖను శ్వేతపతాకంతో డెన్మార్క్ యువరాజుకు చేర్చింది ఇతడే. డేనిష్ భాష తెలిసినవాడు కావడంతో ఆ పని అతనికి అప్పగించారు. తండ్రి ఒక ప్రభువుకు లేఖలు రాశాడు, కొడుకు ఒక సేనాని లేఖ మోశాడు. మరో కుమారుడు చార్లెస్ వెస్టిండీస్‌లోని సెయింట్ విన్సెంట్ దీవిలో సుంకాల అధికారి అయ్యాడు. బానిసల శ్రమతో చెరకు పండించే దీవి అది. వారి కుటుంబానికీ అక్కడ ఆస్తి ఏర్పడింది.

అగ్నిపర్వతం, వ్యాజ్యం, బిరుదు

చార్లెస్ కొడుకు పేరు కూడా ఫ్రెడరిక్. 1794లో లండనులో పుట్టాడు. బాబాయి బాటలో పసితనంలోనే నౌకాదళంలో చేరి, 1807లో కోపెన్‌హాగెన్ మీద జరిగిన రెండో దాడిలో పాల్గొన్నాడు. అన్నలు మరణించడంతో సెయింట్ విన్సెంట్ ఆస్తికి వారసుడయ్యాడు. తోటల యజమానిగా స్థిరపడేందుకు నౌకాదళాన్ని విడిచాడు. 1812లో ఆ దీవిలోని సూఫ్రియేర్ అగ్నిపర్వతం బద్దలై ఆస్తి నాశనమైంది. బతుకుతెరువు కోసం యువకుడు న్యాయశాస్త్రం చదివి 1818లో న్యాయవాది అయ్యాడు.

ఇక్కడే మన వైస్రాయ్ బిరుదుకు మూలం ఉంది. 1832లో ఎసెక్స్‌లోని చెమ్స్‌ఫర్డ్ పట్టణంలో న్యాయస్థానం కొలువుదీరినప్పుడు, భూమి స్వాధీనానికి సంబంధించిన ఒక వ్యాజ్యాన్ని ఫ్రెడరిక్ థెసిజర్ వాదించాడు. మూడుసార్లు విచారణ జరిగిన తరువాత గెలిచాడు. తన అదృష్టం అక్కడే తిరిగిందని ఆయన నమ్మకం. 1844లో సర్ అయ్యాడు, ఆ మరుసటి సంవత్సరం అటార్నీ జనరల్ అయ్యాడు. 1858లో బ్రిటన్ న్యాయవ్యవస్థలో అత్యున్నతమైన లార్డ్ ఛాన్సలర్ పదవితో పాటు ప్రభు హోదా లభించింది. ఏ ఊరి పేరుతో బిరుదు ధరించాలని ఎంచుకునే అవకాశం వచ్చినప్పుడు, తాను గెలిచిన ఆ కేసును తలచుకొని చెమ్స్‌ఫర్డ్‌ను కోరుకున్నాడు.

అంటే భారత రాజ్యాంగ చరిత్రలో శాశ్వతంగా నిలిచిపోయిన ఆ మాట, ఒక వకీలు గెలిచిన భూతగాదాకు గుర్తు.

ఊరి పేరుకూ దాని చరిత్ర ఉంది. ప్రాచీనాంగ్లంలో చెయొల్‌మేర్ అన్నది ఒక మనిషి పేరు. అతని పేరిట ఉన్న రేవు, అంటే ఏరు దాటే చోటు, చెమ్స్‌ఫర్డ్ అయింది. 1086 నాటి డోమ్స్‌డే భూమి చిట్టాలో ఆ ఊరు కనిపిస్తుంది. అక్కడి నదిని నేడు చెల్మర్ అంటారు. నది పేరు నుంచి ఊరి పేరు వచ్చిందని ఎవరికైనా తోస్తుంది. జరిగింది తారుమారు: ఊరి పేరును చూసి జనం నదికి ఆ పేరు అంటగట్టారు. నామశాస్త్రంలో దీనిని వెనుకడుగు నిర్మాణం అనవచ్చు.

బిరుదు ఇంటిపేరును ఎలా మింగుతుంది?

బ్రిటన్‌లో ప్రభు హోదా పొందినవారు సంతకంలో ఇంటిపేరు వాడరు. బిరుదు ఒక్కటే రాస్తారు. పెద్దకొడుకుకు తండ్రి తరువాత ఆ బిరుదు దక్కుతుంది. తక్కిన కొడుకులు, వారి సంతానం పాత ఇంటిపేరుతోనే కొనసాగుతారు. ఈ కారణంగా ఒకే కుటుంబంలోని అన్నదమ్ములు చరిత్ర పుస్తకాల్లో రెండు వేర్వేరు పేర్లతో కనిపిస్తారు.

తెలుగువారికి ఈ పద్ధతి పూర్తిగా కొత్తది కాదు. విజయనగరం మహారాజు అంటే లోకానికంతటికీ తెలుసు, ఆ కుటుంబం ఇంటిపేరు పూసపాటి. విజయనగరం వారి సంస్థానం, పూసపాటి వారి వంశనామం. తేడా ఒక్కటే. పూసపాటివారు విజయనగరాన్ని ఏలారు. థెసిజర్లు చెమ్స్‌ఫర్డ్‌ను ఏలలేదు, అక్కడ ఒక కేసు గెలిచారు.

మొదటి లార్డ్ చెమ్స్‌ఫర్డ్ 1878లో మరణించాడు. ఆయన కుమారుడు, రెండో లార్డ్ చెమ్స్‌ఫర్డ్, దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ సేనాధిపతి. 1879 జనవరి 22న ఇసాండ్ల్వానా వద్ద ఆయన శిబిరం మీద ఈటెలు, డాళ్లు ప్రధాన ఆయుధాలుగా గల జులూ సైన్యం విరుచుకుపడి 1,300 మందికి పైగా సైనికులను సంహరించింది. ఆ సమయంలో ఆయన సైన్యంలో కొంత భాగాన్ని వెంటబెట్టుకొని శత్రువును వెతుకుతూ వేరొక చోటికి వెళ్లి ఉన్నాడు. అదే ఏడాది జులైలో ఉలుండి వద్ద గెలిచినా, ఇసాండ్ల్వానా మచ్చ పోలేదు. ఆయన పెద్దకొడుకే మన వైస్రాయ్. 1868లో జన్మించి, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల గవర్నరుగా పనిచేసి, 1916 నుంచి 1921 దాకా భారతదేశాన్ని పాలించారు.

జంషెడ్‌పూర్ సభనాటికి ఆయన సొంత ఇంట్లో యుద్ధం మిగిల్చిన గాయం ఒకటి ఉంది. పెద్ద కుమారుడు ఫ్రెడరిక్ ఐవర్ థెసిజర్ 1917లో మెసొపొటేమియా యుద్ధంలో మరణించాడు. జంషెడ్‌పూర్ పట్టాలు ఏ దేశపు ఇసుకలో పరిచారో ఆ దేశంలోనే. యుద్ధానికి ఈ కర్మాగారం అందించిన ఉక్కును కొనియాడటానికి వచ్చిన మనిషికి ఆ మాటలు లాంఛనం మాత్రమే అయి ఉండవు.

అయితే ఈ దేశం ఆయనను గుర్తుంచుకున్నది ఆ దుఃఖానికి కాదు. సాక్చికి పేరు పెట్టిన మూడు నెలలకు రౌలట్ చట్టం వచ్చింది. ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో కాల్పులు జరిగాయి. మే నెలాఖరున రవీంద్రనాథ్ టాగూర్ తన సర్ బిరుదును వదులుకుంటూ రాసిన లేఖ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ పేరిటే వెళ్లింది. ఒక బిరుదును తిరస్కరించే ఉత్తరం, బిరుదే పేరుగా మారిన మనిషికి చేరింది. ఆ ఏడాది చివరకు వచ్చిన భారత ప్రభుత్వ చట్టాన్ని మనం మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలు అంటున్నాం.

ఆ జంటపేరులో మొదటి సగానిదీ ఇలాంటి కథే. భారత వ్యవహారాల మంత్రి ఎడ్విన్ మాంటేగు తండ్రి లివర్‌పూల్‌లో ఒక యూదు గడియారాల వ్యాపారికి పుట్టాడు. పుట్టినప్పుడు ఆయన పేరు మాంటేగు శామ్యూల్. శామ్యూల్ ఇంటిపేరు, మాంటేగు పెట్టినపేరు. బాల్యంలోనే ఆ రెండూ తారుమారై శామ్యూల్ మాంటేగు అయ్యాడు. 1894లో రాజాజ్ఞతో అది అధికారికమైంది. కనుక మన పోటీ పరీక్షల అభ్యర్థులు వల్లెవేసే ఆ జంటపేరులో ఒకటి ఇంటిపేరైన పెట్టినపేరు, రెండోది ఇంటిపేరును కప్పేసిన ఊరి పేరు. మూలాన్ని బట్టి పిలవాల్సి వస్తే శామ్యూల్-థెసిజర్ సంస్కరణలు అనాలి. ఎవరూ అనరు, అనడం మొదలుపెట్టమని కోరడమూ నా ఉద్దేశం కాదు.

ఇసుక ఎడారిలో ‘బిన్ లండన్’

బిరుదు దక్కని శాఖల్లోనే థెసిజర్ అన్న మాట బతికింది. వైస్రాయ్ పినతండ్రుల్లో ఒకరైన ఆల్‌ఫ్రెడ్ థెసిజర్ 39 ఏళ్లకే 1877లో అప్పీలు కోర్టు న్యాయమూర్తి అయి, మూడేళ్లకే మరణించాడు. మరో పినతండ్రి కొడుకు ఎర్నెస్ట్ థెసిజర్ నటుడు. 1935లో వచ్చిన ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ చిత్రంలో పిచ్చి శాస్త్రవేత్త పాత్రతో నేటికీ పాత హాలీవుడ్ అభిమానులు ఆయనను తలచుకుంటారు.

అందరిలో ప్రఖ్యాతుడు విల్‌ఫ్రెడ్ థెసిజర్. వైస్రాయ్‌కి తమ్ముడి కొడుకు. తండ్రి ఇథియోపియాలో బ్రిటిష్ రాయబారి కావడంతో 1910లో అడిస్ అబాబాలో పుట్టాడు. యుద్ధకాలంలో తల్లిదండ్రులతో భారత్ వచ్చి పెదనాన్న ఇంట అతిథిగా ఉన్నాడు. 1940ల చివర అరేబియాలోని ‘శూన్య చతుర్థం’ అనే మహా ఎడారిని బదూ జాతి సహచరులతో రెండుసార్లు దాటాడు. ఆ ప్రయాణాల మీద 1959లో రాసిన ‘అరేబియన్ శాండ్స్’ యాత్రాసాహిత్యంలో విశిష్ట గ్రంథంగా నిలిచింది. 2003లో కన్నుమూశాడు.

నామశాస్త్రానికి పనికివచ్చేది ఒకటి అతని జీవితంలో ఉంది. థెసిజర్ అన్న పేరు బదూ సహచరులకు ఏమీ చెప్పదు. అరబ్బీలో మనిషి గుర్తు తండ్రి పేరుతో వస్తుంది: ఫలానా బిన్ ఫలానా, అంటే ఫలానావారి కొడుకు. వారు అతనిని ముబారక్ బిన్ లండన్ అని పిలిచారు. శుభప్రదుడైన లండన్ కుమారుడు. తాత ఊరి పేరును బిరుదుగా ధరిస్తే, మనవడికి వేరొక జాతి ఊరి పేరును తండ్రి పేరుగా తగిలించింది. డ్రెస్డెన్ నుంచి వచ్చిన మాట ఆ ఎడారిలో పూర్తిగా అదృశ్యమైంది.

ఊరికి పెట్టినపేరు, స్టేషనుకు ఇంటిపేరు

ఇప్పుడు తిరిగి జంషెడ్‌పూర్‌కు వద్దాం. ఈ నగరానికి చెమ్స్‌ఫర్డ్ ఇచ్చిన పేరులో జంషెడ్ అన్నది వ్యక్తినామం. పారశీక పురాణాల్లోని ఒక మహారాజు పేరది. దాని చివర ఉన్న ‘జీ’ మన ‘గారు’ వంటి గౌరవపదం. ఊరి పేరులోకి వచ్చేసరికి జీ రాలిపోయింది. మధ్యనున్న నుసర్వాన్జీ తండ్రి పేరు. టాటా వంశనామం. ఊరికి మొదటిది దక్కింది, రైల్వే స్టేషనుకు చివరిది దక్కింది. విజయనగరం వైపు నుంచి రైలులో వచ్చే తెలుగువాడు ముందు టాటానగర్‌లో దిగి, తరువాత జంషెడ్‌పూర్‌లో అడుగుపెడతాడు. ముందు ఇంటిపేరు, వెనుక పెట్టినపేరు. ఇది అచ్చంగా తెలుగు పద్ధతి!

అలా దిగినవారు వేలల్లో ఉన్నారు. కర్మాగారం మొదలైననాటి నుంచి ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు ఇక్కడికి వచ్చాయి. బిష్టుపూర్‌లో వారు కట్టుకున్న రామమందిరం ఉంది. సోనారి, కద్మా వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. సోనారి సందుల్లో నడుస్తూ గుమ్మాల మీది పేరు పలకలు చదివితే మాత్రం ఒక వింత కనబడుతుంది. దాదాపు అన్నీ ‘రావు’తో ముగుస్తాయి. ముందు ఒకటో రెండో ఇంగ్లీషు పొడి అక్షరాలు.

రావు ఇంటిపేరు కాదని తెలుగు పాఠకులకు చెప్పనక్కరలేదు. సంస్కృతంలోని ‘రాజ’ ప్రాకృతంలో ‘రాయ’ అయి, తెలుగులో రావుగా స్థిరపడింది. గౌరవపదంగా మొదలై పేరు చివర తోకగా మారింది. అప్పారావు, సూర్యారావు, రామారావు ఒక్కొక్కటీ ఒకే పేరు. ఉత్తరాదిలో పేరును చివరి మాటతో గుర్తించే అలవాటు ఉంది. కర్మాగారపు హాజరు పట్టీలో, బడి రిజిస్టరులో ఆ చివరి మాటనే ఇంటిపేరు అనుకున్నారు. పాములపర్తి వేంకట నరసింహారావు ప్రధాని అయినప్పుడు ఢిల్లీ ఇంగ్లీషు పత్రికలు ఆయనను ఒట్టి ‘రావు’ అనే రాశాయి.

ఒక మినహాయింపు కూడా ఉంది. బొబ్బిలి రాజాల ఇంటిపేరే రావు. 1930లలో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా పనిచేసిన రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావు పేరులో ఆ మాట మొదటా ఉంది, చివరా ఉంది. మొదటిది వంశం, చివరిది తోక. సోనారి రిజిస్టర్లకు ఈ తేడా అర్థం కాలేదంటే తప్పు పట్టలేం.

ఇందులో పోయేదేమిటి? తెలుగు ఇంటిపేర్లలో చాలా భాగం ఊరి పేర్లే. కందుకూరు ‘కందుకూరి’ అవుతుంది. ఊరు ఊరి అయ్యే ఈ మార్పును వ్యాకరణవేత్తలు ఔపవిభక్తికం అంటారు, ‘ఆ ఊరికి చెందిన’ అన్న అర్థం ఒక్క ఇకారంలో ఇమిడిపోతుంది. పోతన బమ్మెర నుంచి వచ్చాడు, అన్నమయ్య తాళ్లపాక నుంచి వచ్చాడు. సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుత్తణి ప్రాంతంలో పుట్టారు. పూర్వికులు విడిచివచ్చిన నెల్లూరు ప్రాంతపు సర్వేపల్లి ఆయన పేరులో, తరువాత ఆయన కుమారుడు, చరిత్రకారుడు గోపాల్ పేరులో నిలిచింది. వలస వెళ్లిన తెలుగువాడికి ఇంటిపేరు అంటే మొట్టమొదటి చిరునామా. దానిని ‘బి.’ అనో ‘కె.’ అనో కుదించిన రోజున ఊరు ఒక అక్షరమైపోతుంది. మరో తరం తరువాత ఆ అక్షరమూ పోతుంది.

జర్మనీ ఊళ్లదీ ఇదే తీరు. 1940లలో జంషెడ్‌పూర్ నగర ప్రణాళికను రూపొందించిన ఒట్టో కోనిగ్స్‌బర్గర్ బెర్లినులో పుట్టిన యూదుడు, నాజీల కాలంలో మైసూరు చేరిన వాస్తుశిల్పి. ఆయన ఇంటిపేరుకు కోనిగ్స్‌బర్గ్ అనే ఊరివాడని అర్థం. చివరి ‘అర్’ అక్కడ మన ఇకారం చేసే పనే చేస్తుంది. భువనేశ్వర్ నగర ప్రణాళిక కూడా ఆయనదే.

సోనారిలో నాకు పరిచయమున్న ఒక విశ్రాంత ఉద్యోగి ఇంట గత శీతకాలంలో మనవరాలి పాస్‌పోర్టు దరఖాస్తు నింపుతున్నారు. దరఖాస్తులో ఇంటిపేరుకు ఒక గడి, పెట్టినపేరుకు ఒక గడి. ఆ అమ్మాయి మారుమాట్లాడకుండా మొదటి గడిలో రావు అని రాసింది. ఆమె తండ్రి ధ్రువపత్రాల్లోనూ అదే ఉంది కనుక మరోలా రాస్తే కాగితాలు కలవవు. “మన ఇంటిపేరు అది కాదమ్మా” అన్నారాయన. “మరి ఈ పొడి అక్షరం ఏమిటి తాతయ్యా?” అని ఆమె గుమ్మం మీది పలకను చూపింది. ఆయన పూర్తి పేరు చెప్పారు. వంశధార ఒడ్డునున్న ఒక పల్లె పేరది. ఆయన తాత అక్కడి నుంచి బయలుదేరి విజయనగరంలో రైలెక్కాడట. మనవరాలు ఫోనులో పటం తెరిచి ఆ పల్లెను వెతికింది. ఇంగ్లీషులో ఎలా రాయాలో తెలియక రెండుసార్లు తప్పింది. మూడోసారి దొరికింది.

గడిలో మాత్రం రావు అనే ఉంచారు.